మీకు తెలుసా? పక్క ఫ్లాటుకు వినబడని బేస్ గిటార్
నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటి తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత నెమ్మదైన కంపనాన్ని, అంటే మంద్రనాదాన్ని, ఇటుక గోడలు హెచ్చు స్వరాలను ఆపినంతగా ఆపలేవు కనుక, నల్లపాడు జంక్షన్ మీదుగా గూడ్సు బండి పోతున్నప్పుడు తలుపులన్నీ మూసినా గుర్రుమనే మోత ఇంట్లోకి వచ్చినట్టే, స్పీకరులో వాయించిన బేస్ పక్క ఫ్లాటుకు చేరుతుంది.

అయితే 1951లో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నాటి నుంచి ఈ వాద్యం చాలావరకు గట్టి చెక్కతోనే తయారవుతున్నది. వీణకున్నట్టు బోలు కుండ లేనందున స్పీకరు లేనిదే దాని నాదం గది దాటదు. తీగల కింద పికప్, అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన భాగం, ఉక్కు తీగ కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు మరీ బలహీనమైనది కనుక స్పీకరుకు బదులు హెడ్‌ఫోన్‌ను నేరుగా తగిలిస్తే సరిపోదు, నడుమ అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన యాంప్లిఫయర్ ఉండాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం ఈ పనికి రాదనే చెప్పాలి: వేలు మీటిన తరువాత స్వరం క్షణకాలం ఆలస్యంగా వినబడి తాళం తప్పుతుంది.

రాత్రి సాధనకు ఈ హెడ్‌ఫోన్ పద్ధతే మేలు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెళ్లు.