రాత్రిపూట గొంతు పట్టేస్తోందా? ఊపిరి ఆడటం లేదా?
అన్నీ ‘ఆ వయసు’ మీదకే తోసేయకండి

– నర్సింగ్ సూపరింటెండెంట్

నలభై అయిదు, యాభై ఏళ్ళ తల్లులు ఓ.పి.కి వచ్చి మోకాళ్ళ నొప్పులు చెబుతారు, బి.పి. చూపించుకుంటారు, మాత్రలు రాయించుకుంటారు. రాత్రి పడుతున్న బాధ మాత్రం చాలామంది చెప్పరు. బాగా అడిగితే ఒక్కొక్కటే బయటికి వస్తుంది. నిద్రలో గొంతు పట్టేసినట్టయి లేచి కూర్చుంటారు. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుంటుంది. ఒళ్ళంతా చెమట పట్టి, దమ్ము చాలక కిటికీ తెరుచుకుంటారు. ఎందుకు చెప్పలేదంటే, “ముట్లు ఆగిపోయే వయసు కదా సిస్టరమ్మా, అందరికీ ఉండేదే కదా” అంటారు.

కొంతవరకు అది నిజమే. ఈ వయసులో వచ్చే రాత్రి బాధల్లో చాలావాటికి ప్రాణభయం లేదు. అయితే అదే వేషంలో గుండె జబ్బు, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా వస్తాయి. వాటిని వేరుచేసి తెలుసుకోవాలి.

ఈ వయసులో ఒంట్లో జరిగేది

వరుసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఎక్కువమందికి ఇది 46, 47 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోనులు హెచ్చుతగ్గులవుతూ తగ్గిపోతాయి. ప్రొజెస్టిరోన్‌కు బహిష్టుతోనే కాదు, ఊపిరితో కూడా సంబంధం ఉంది. బాగా ఊపిరి తీయమని మెదడును హెచ్చరించేది, నిద్రలో గొంతు కండరాలు సడలకుండా సాయపడేది ఆ హార్మోనే. అది తగ్గితే ఆ కాపలా కూడా తగ్గుతుంది. ఈస్ట్రోజన్ తగ్గితే నోట్లో, గొంతులో తడి తగ్గుతుంది. కొవ్వు తుంటి దగ్గర తగ్గి పొట్టకు, మెడకు చేరుతుంది.

మన రాష్ట్రంలో మరో సంగతి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ మరునాటి నుంచే మొదలైనట్టు. అండాశయాలు ఉంచినా కొందరికి అవి త్వరగా పనిచేయడం మానేస్తాయి. కాబట్టి ముప్పై ఎనిమిదేళ్ళ అమ్మాయికి ఈ బాధలు వస్తే “నీకప్పుడే ఏం వయసైంది?” అని కొట్టిపారేయకూడదు. ఆపరేషన్ చేయించుకున్నవారు డిశ్చార్జి కాగితం దాచుకోండి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉంటుంది.

రాత్రి ఆవిర్లు

ఛాతి నుంచి మెడకు, ముఖానికి వేడి ఎగదన్నుతుంది. చెమట పోస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి చాలనట్టు ఉంటుంది. కొద్ది నిమిషాల్లో తగ్గి, తర్వాత చలి వేస్తుంది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల చిన్న మార్పుకే కంగారుపడుతుంది. అందువల్ల ఇలా జరుగుతుంది. భయంతో గబగబా ఊపిరి తీస్తే గాభరా ఇంకా పెరుగుతుంది. లేచి కూర్చుని, ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. అయిదు నిమిషాలు ఇలా చేస్తే చాలామందికి సర్దుకుంటుంది.

గొంతు ఎండిపోవడం, ఉండలా అడ్డుపడటం

నోరు తెరిచి నిద్రపోయేవారికి, ముక్కు దిబ్బడ ఉన్నవారికి గొంతు ఎక్కువగా ఎండుతుంది. జలుబు మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు, మానసిక వైద్యానికి వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండబెడతాయి. షుగరు ఎక్కువైనా నోరు ఎండుతుంది, రాత్రి మాటిమాటికి దాహం వేస్తుంది. అందువల్ల ముందు షుగరు పరీక్ష చేయించుకోండి.

గొంతులో ఏదో ఉండ ఉన్నట్టు అనిపించి, అన్నం, నీళ్ళు మాత్రం బాగానే దిగుతుంటే చాలాసార్లు కారణం పులుపు పైకి రావడమే. మన ఇళ్ళల్లో పొలం పని, పశువుల పని ముగించి రాత్రి తొమ్మిది దాటాక సంగటి, కారం ఊరుబిండి తిని, వెంటనే చాప పరుచుకుంటారు. పడుకోగానే కడుపులోని ఆమ్లం గొంతు వరకు ఎగదన్నుతుంది. దగ్గు, పొలమారడం, తెల్లవారి గొంతు బొంగురు పోవడం దాని గుర్తులు. ముద్ద మింగుతుంటే అడ్డుపడితే, మింగితే నొప్పి ఉంటే, మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే, మెడలో గడ్డ తగిలితే ఇది పులుపే అనుకోకుండా వెంటనే చూపించుకోవాలి. ఆకు, వక్క, పొగాకు నమిలేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం

గురక మగవాళ్ళ జబ్బని మన నమ్మకం. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుంటే పది సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు కూడా ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. ఇలా గంటకు అయిదుసార్లు, అంతకు మించి జరిగితే స్లీప్ ఆప్నియా అంటారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. బహిష్టులు ఆగిన స్త్రీలలో ఈ జబ్బు వచ్చే అవకాశం, ఇంకా ఆగనివారితో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. వయసు, బరువు తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత వచ్చిన లెక్క ఇది.

ఆడవారిలో ఇది తరచూ దొరక్కుండా పోతుంది. కొందరికి పెద్ద గురకే ఉండదు. నిద్ర పట్టదు, తెల్లవారి తలనొప్పి, పగలంతా నీరసం, చిరాకు, మరుపు, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం – ఇవే కనిపిస్తాయి. వాళ్ళకు బలానికి టానిక్కో, దిగులుకు మాత్రో, నిద్రకు మాత్రో దొరుకుతుంది. జబ్బు అలాగే ఉంటుంది. లావుగా ఉన్నవారికి, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటినవారికి, ఎన్ని మాత్రలు వేసినా బి.పి. దిగనివారికి అనుమానం ఎక్కువ. దవడ చిన్నదిగా ఉంటే సన్నగా ఉన్నవారికీ రావచ్చు.

దీనికి నిద్ర పరీక్ష ఉంది. వేలూరు సి.ఎం.సి.లోను, బెంగళూరు పెద్ద ఆసుపత్రుల్లోను చేస్తారు. కొందరికి చిన్న పరికరం ఇచ్చి ఇంట్లోనే చేయించవచ్చు. జబ్బు తేలితే ముక్కుకు మాస్కు పెట్టి మెల్లగా గాలి పంపే సీపాప్ అనే యంత్రం వాడతారు. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సులివాన్ 1981లో దీన్ని లోకానికి తెలియజేశాడు. మొదటి కొన్ని రాత్రులు ఇబ్బందిగానే ఉంటుంది. అలవాటైతే పగటి నీరసం తగ్గడం మీకే తెలుస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నవారు నూటికి పది వంతులు తగ్గినా, ఊపిరి ఆగడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అదే విస్కాన్సిన్ అధ్యయనంలో కనిపించింది.

వయసు మీదకు తోసేయకూడని జబ్బులు

గుండె: వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గడం, నిద్ర పట్టిన గంట, రెండు గంటలకు ఊపిరాడక లేవడం, రెండు మూడు దిండ్లు లేనిదే పడుకోలేకపోవడం, పాదాల వాపు – ఇవి గుండె సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తులు కావచ్చు. చిన్నప్పుడు కీళ్ళవాపు జ్వరం వచ్చినవారు డాక్టరుగారికి ఆ సంగతి తప్పక చెప్పాలి. బహిష్టులు ఆగాక ఆడవారిలో గుండె జబ్బులు పెరుగుతాయి.

థైరాయిడ్: గొంతు ముందు వాపు పెరిగితే పడుకున్నప్పుడు శ్వాసనాళాన్ని నొక్కుతుంది. థైరాయిడ్ తక్కువైతే బరువు, బొంగురు గొంతు, గురక. ఎక్కువైతే చెమట, దడ. ఇవన్నీ మెనోపాజ్ లాగే కనిపిస్తాయి. ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది.

రక్తం తక్కువ కావడం: ముట్లు ఆగిపోయే ముందు కొందరికి రక్తం విపరీతంగా పోతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే బాగా పడిపోతే నాలుగు అడుగులు వేసినా గస వస్తుంది. ఒక ఏడాది ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనబడితే, ఒక్క చుక్క అయినా సరే, ఆలస్యం చేయకండి. గర్భసంచి క్యాన్సరు లేదని తేల్చుకోవాలి.

ఉబ్బసం, పొగ: కొందరికి ఈ వయసులోనే ఉబ్బసం మొదలవుతుంది. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు దాని గుర్తులు. 1999లో దీపం పథకంతో గ్యాసు పొయ్యిలు వచ్చినా, సంగటికి, నీళ్ళ కాగుకు ఇప్పటికీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ పొగ పీల్చినవారి ఊపిరితిత్తులు సిగరెట్టు తాగినవారి లాగే దెబ్బతింటాయి. పట్టుపురుగుల షెడ్లలో పనిచేసేవారికి కూడా ఉబ్బసం రావచ్చు.

టి.బి.: రాత్రి చెమటలు మెనోపాజ్‌లోనే కాదు, క్షయలో కూడా పోస్తాయి. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియంలో 1915 నుంచి ఎన్ని వేలమంది క్షయ రోగులు వైద్యం పొందారో పెద్దలకు తెలుసు. ఆనాడు నెలల తరబడి అక్కడే ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కువమందికి ఇంట్లోనే ఉండి ఆరు నెలలు మాత్రలు వాడితే నయమవుతుంది. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమట ఉంటే కఫం పరీక్ష చేయించండి.

బి.పి. మాత్రలు: ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడే కొందరికి గొంతులో గరగర, పొడిదగ్గు వస్తాయి. మాత్ర మీకు మీరే మానేయకండి. డాక్టరుగారికి చెబితే వేరేది రాస్తారు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. రాత్రిపూట కారం, పులుపు, నూనె తగ్గించండి. సాయంత్రం అయిదు తర్వాత కాఫీ, టీ మానండి.

2. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు ఇటుకలు గట్టిగా అమర్చండి. దిండ్లు పేర్చుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, ప్రయోజనం లేదు. చాప మీద పడుకునేవారు నడుము పైభాగం నుంచి తల వరకు దుప్పట్లు మడిచి వాలుగా వేసుకోండి.

3. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. పులుపు పైకి వచ్చేవారికి ఎడమ పక్క మంచిది.

4. పలుచని నూలు బట్టలు కట్టుకోండి. చలికాలంలో కూడా గదిలోకి కాస్త గాలి రానివ్వండి. దోమల కాయిల్ మూసిన గదిలో వెలిగించకండి. దోమతెర మేలు.

5. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుని గుక్క గుక్కగా తాగండి. ముక్కు దిబ్బడ ఉంటే గోరువెచ్చని ఉప్పునీళ్ళ చుక్కలు వేసుకోవచ్చు. అందుకు నీళ్ళు కాచి చల్లార్చినవే వాడాలి.

6. రోజూ అరగంట చురుకుగా నడవండి. ఇంటి పని, చేని పని వేరు, ఈ నడక వేరు.

చేయకూడనివి

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి. నిద్రమాత్ర, సారాయి రెండూ గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ ఇంజక్షను వేయించుకోవడం కూడా తగదు. షుగరు, బి.పి. పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఉబ్బసానికి పీల్చే మందు మంచిది. అది అలవాటైపోతుందన్నది అపోహ.

హార్మోను మాత్రల గురించి చాలామంది అడుగుతున్నారు. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపిన తర్వాత అందరూ వాటికి భయపడ్డారు. తర్వాత తెలిసిందేమిటంటే, 60 ఏళ్ళ లోపు, బహిష్టులు ఆగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు ఆవిర్లు తీవ్రంగా ఉంటే, చాలామందిలో కీడు కంటే మేలే ఎక్కువ. అయితే రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, కాళ్ళలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు వాడకూడదు. డాక్టరుగారు పరీక్షించి రాస్తేనే వేసుకోవాలి. స్లీప్ ఆప్నియాకు ఇవి మందు కావు.

తెల్లవారే వరకు ఆగకండి

ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం. ఛాతి, దవడ, గొంతు, చెయ్యి, వీపులో బరువు లేదా నొప్పి. చల్లటి చెమట, వాంతి. పెదవులు నీలం కావడం. ఒక కాలు వాచి ఆయాసం రావడం. ముఖం, నాలుక వాచడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆడవారికి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతి నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే ఉండవచ్చు. “గ్యాసు పట్టింది, సోడా తాగు” అని గంటలు పోగొట్టుకోకండి.

అన్నలకు, తమ్ముళ్ళకు, కోడళ్ళకు, కొడుకులకు ఒక మాట. నిద్రపోయే మనిషికి తన ఊపిరి ఆగిన సంగతి తెలియదు. చూసేది పక్కన ఉన్నవారే. గురక మధ్యలో ఆగి, నిశ్శబ్దమై, ఉక్కిరిబిక్కిరిగా మళ్ళీ మొదలైతే సెల్‌ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసి తీసుకురండి. అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎప్పుడు లేచింది, చెమటా, దగ్గా, ఆయాసమా, కూర్చుంటే తగ్గిందా – ఒక వారం పాటు క్యాలెండరు మీద రాసిపెట్టండి. వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి వెంట తెండి. ఆ క్యాలెండరు కాగితం, బి.పి., షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, అవసరమైతే ఒక ఇ.సి.జి. – వీటితో కారణం వెతకడం డాక్టరుగారికి చాలా సులువవుతుంది. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక ఒంటరిగా లేచి కూర్చునే తల్లి బాధను ఇంట్లో ఒక్కరైనా అడిగి తెలుసుకోండి. అడిగిన వారమే ఆసుపత్రికి తీసుకురండి.