బై పెట్టాలా, టిల్ పెట్టాలా?

బస్సులో వెళ్తే "బై బస్", కిటికీ పక్కన కూర్చుంటే "బై ద విండో", ఇవి మీకు తెలిసినవే. ఈ రోజు నాకు తిట్లు తెచ్చిపెట్టిన "బై" గురించి చెప్తా.

జాబ్‌లో చేరిన కొత్తలో క్లయింట్‌కి మెయిల్ పెట్టా: "ఐ విల్ టెస్ట్ ఇట్ టిల్ ఫ్రైడే." శుక్రవారానికల్లా టెస్టింగ్ అయిపోతుందని నా ఉద్దేశం. బుధవారమే ముగించేశా కూడా. వాళ్లేమో శుక్రవారం దాకా టెస్టింగ్ నడుస్తూనే ఉంటుందనుకుని, రిలీజ్‌ని సోమవారానికి జరిపేశారు. మేనేజర్ ముందు నిలబడ్డాక గానీ నాకు తేడా తెలీలేదు.

తిరకాసంతా మన "వరకు"లో ఉంది. "సాయంత్రం వరకు వచ్చేస్తా" అంటాం, "సాయంత్రం వరకు ఇక్కడే ఉంటా" అనీ అంటాం. మొదటిది గడువు, ఆలోపు ఎప్పుడైనా రావచ్చు. రెండోది అప్పటిదాకా సాగే పని. ఇంగ్లీష్‌లో మొదటిదానికి "బై", రెండోదానికి "టిల్".

డౌటొస్తే "కల్లా" పెట్టి చూడండి. "ఆరింటికల్లా వచ్చేస్తా", బాగానే ఉంది కదా, అయితే "బై సిక్స్". "ఆరింటికల్లా నీకోసం వెయిట్ చేస్తా"... అబ్బే, కుదర్లేదు. అక్కడ "టిల్ సిక్స్".

ఇంకో మెలిక. "సబ్మిట్ బై ఫ్రైడే" అంటే శుక్రవారం దాటకూడదని. "డోంట్ సబ్మిట్ టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం వచ్చేదాకా ముట్టుకోవద్దని! నెక్స్ట్ ఎపిసోడ్‌లో "ఫర్", "సిన్స్" చూద్దాం.