కావలివాని యింట దాగిన దొంగ

వేసవి సెలవులు ముగిసిన కొలదిదినములకు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మాయొద్దకు వచ్చి యిట్లడిగెను: “మాస్టరుగారూ, మా నాయనమ్మకు చిన్నతనమున ఆటలమ్మ పోసి నయమైనదట. ఇప్పుడు అరువదియేండ్లకు ఆమె నడుమున సర్పి లేచినది. ఇది నాగదోషమని యిరుగుపొరుగువారును, ఆ చిన్ననాటి జబ్బేయని వైద్యుడును చెప్పుచున్నారు. నయమైన జబ్బు యిన్నియేండ్లు ఎక్కడ దాగియుండెను?”

ఆనాడు మేము తొందరలో చెప్పిన జవాబు మాకే తృప్తికరముగా లేకపోయెను. ఆ ప్రశ్న మంచి ప్రశ్న. దానికి తగిన జవాబును ఈ పుటలలో విద్యార్థులకును వారి తలిదండ్రులకును మనవిచేయ దలచితిమి.

ఆటలమ్మను, సర్పిని కలిగించు వైరసు ఒక్కటియే. అది హెర్పిస్ అను కుటుంబమునకు చేరినది. గ్రీకుభాషలో ఈ పేరునకు ప్రాకునదని యర్థము. మన సర్పి, సర్పము అను మాటలకు మూలమైన సంస్కృత ధాతువునకును అదియే యర్థము. ఈ రెండును ఒక్క మూలమునుండి పుట్టిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పాము ఆ పేరులో మాత్రమే యున్నది గాని రోగములో లేదు. ఆటలమ్మ తగ్గినపుడు ఆ వైరసు శరీరమును విడిచిపోక, వెన్నెముక ప్రక్కనున్న నాడీకణములలో చేరి నిద్రించును. వార్ధక్యమువలన గాని మరియొక కారణమువలన గాని శరీరరక్షణ సన్నగిల్లినపుడు మేల్కొని, ఒక నాడివెంట చర్మమునకు వచ్చును. కావుననే సర్పి సాధారణముగ దేహమున కొక ప్రక్కనే పట్టీవలె కనబడును.

నాడీకణములు చిరకాలము జీవించును గనుక దొంగ వాటిలో దాగుట వింతగాదు. అయితే ఈ కుటుంబములోనే మరియొక వైరసు కలదు. అది దాగుటకు రోగములను పట్టుకొను కణములనే యెన్నుకొన్నది. దొంగ కావలివాని యింటిలోనే కాపురముండుట వంటిది. దాని పేరు ఎప్‌స్టయిన్-బార్ వైరసు.

దీనిని కనుగొన్న వృత్తాంతము మనవంటి మిషను సంస్థలవారికి ప్రియమైనది. డెనిస్ బర్కిట్ అను భక్తిగల క్రైస్తవ శస్త్రవైద్యుడు ఉగాండాలోని కంపాలా నగరమున పనిచేయుచు, అనేకమంది చిన్నబిడ్డల దవుడలలో పెరుగు ఘోరమైన కంతిని చూచి, 1958లో దానిని వర్ణించి ప్రకటించెను. 1961లో మిషను వైద్యులైన ఇరువురు మిత్రులతో గూడి, పాత మోటారుబండిలో రమారమి 10,000 మైళ్లు తిరిగి, ఆ కంతి యే ప్రాంతములలో నున్నదో గుర్తించెను. ఆ సంవత్సరమే లండనులో ఆయన చేసిన ఉపన్యాసమును ఆంథొని ఎప్‌స్టయిన్ అను శాస్త్రజ్ఞుడు విని, ఉగాండానుండి ఆ కంతిముక్కలను విమానములో తెప్పించుకొని పరీక్షింపసాగెను. 1964లో ఎప్‌స్టయిన్, ఇవాన్ బార్, బర్ట్ అచాంగ్ అను మువ్వురు ఎలెక్ట్రాను సూక్ష్మదర్శనిలో కొత్త హెర్పిస్ వైరసును చూచినట్లు ప్రకటించిరి. మానవునికి రాచపుండు (క్యాన్సరు) కలిగించు వైరసులలో మొదట కనుగొనబడినది ఇదియే.

ఇక అది దాగు విధమును చూతము. మన రక్తములో బి కణములు, టి కణములు అను రెండువిధములైన కావలివారు కలరు. రోగబీజములను పట్టు ప్రతిరక్షకములను చేయుటకు బి కణములు పుట్టినవి. రోగము సోకిన మన స్వంత కణములను వెదకి చంపుట టి కణముల పనులలో నొకటి. ఒక బి కణము తన శత్రువును కలిసికొని, టి కణమునుండి సమ్మతి పొందినపుడు అభివృద్ధినొందును. అట్లు పెరిగినవాటిలో కొన్ని జ్ఞాపకకణములై యేండ్లతరబడి యుండి, ఆ శత్రువు మరల వచ్చినయెడల గుర్తుపట్టును.

ఎప్‌స్టయిన్-బార్ వైరసు ఉమ్మిద్వారా ఒకరినుండి యొకరికి వచ్చి, గొంతులోనున్న బి కణముల పైపొరనుండు ఒక గ్రాహకమును పట్టుకొని లోపల ప్రవేశించును. అంతట అది కణమును చంపదు. బి కణము పెరుగుటకు కావలసిన రెండు ఉత్తరువులను, అనగా శత్రువు కనబడెనను వార్తను టి కణముయొక్క సమ్మతిని, వైరసే తన మాంసకృత్తులతో కల్పించి దొంగముద్ర వేయును. మోసపోయిన కణము నిజముగా శత్రువును చూచినట్లే విభజన పొంది, తుదకు జ్ఞాపకకణముగా మారును. అదియే దొంగకు కావలసిన దీర్ఘాయువుగల యిల్లు.

అయితే దొంగముద్రలు వేయు మాంసకృత్తులు టి కణముల కంటబడును. మన కణములన్నియు తమలో తయారగు మాంసకృత్తుల తునకలను పైపొరమీద ప్రదర్శించుచుండును. టి కణములు వాటిని తనిఖీచేసి, పరాయితునక కనబడినచో ఆ కణమును చంపును. అందుచేత జ్ఞాపకకణములో చేరగానే వైరసు తన జన్యువులను ఇంచుమించు అన్నిటిని మూసివేయును. తినదు, పలుకదు, దీపము వెలిగింపదు. ఆ యింట దాని వారసత్వపత్రము మాత్రము ఉంగరమువలె చుట్టుకొని యుండును. కణము విభజింపబడునపుడు ఒక్క మాంసకృత్తు మాత్రము తయారై, ఆ యుంగరమును మన క్రోమోసోములకు తగిలించి రెండు పిల్లకణములకును పంచును. ఆ మాంసకృత్తు సయితము తనిఖీకి సులభముగా చిక్కదు. ఈ మౌనమే గుప్తావస్థ. ఆరోగ్యవంతునిలో పదిలక్షల బి కణములలో ఒకటి మొదలు ఏబదివరకు మాత్రమే ఇట్టివి యుండును.

ఎప్పుడైన ఆ జ్ఞాపకకణము ప్రతిరక్షకములను చేయుటకు పూనుకొన్నపుడు వైరసు మేల్కొని వృద్ధిపొంది, ఉమ్మిలోనికి వచ్చి మరియొకరికి సోకును. తల్లి బిడ్డను ముద్దాడునపుడు ఇది సంక్రమింపవచ్చును. లోకములోని పెద్దవారిలో నూటికి తొంబదిమందికి పైగా దీనిని మోయుచున్నారు. పసితనమున సోకినవారికి సాధారణముగ ఏ బాధయు తెలియదు. యౌవనమున సోకినవారిలో కొందరికి మెడగ్రంథులు వాచి జ్వరము వచ్చును.

అట్లని ఇది ఎల్లపుడును సాధువైన అతిథి కాదు. మలేరియా ఎడతెగక పీడించు ఆఫ్రికా ప్రాంతములలో ఇది బర్కిట్ కంతికి తోడ్పడుచున్నది. ఇతరుల అవయవమును అమర్చుకొని, రక్షణశక్తిని తగ్గించు మందులు వాడువారిలో బి కణములు హద్దుమీరి పెరుగుట కద్దు. 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో, అమెరికా సైన్యమున పనిచేసిన కోటిమందికి పైగా వృత్తాంతములు పరిశీలింపగా, ఈ వైరసు సోకిన పిమ్మట మల్టిపుల్ స్క్లీరోసిస్ అను నాడీవ్యాధి కలుగు అవకాశము 32 రెట్లు హెచ్చినట్లు తేలినది. అయినను వైరసును మోయువారిలో ఆ వ్యాధి వచ్చునది మిగుల కొద్దిమందికే.

అట్లయిన దానిని పెరికివేయరాదా యని మీరడుగుదురు. మత్తయి సువార్తలో గోధుమలమధ్య గురుగులు మొలచిన పొలమును తలంచుకొనుడు. గురుగులను పెరుకబోయిన గోధుమలును ఊడివచ్చునని ఆ యజమానుడు తన దాసులను వారించెను. ఇచ్చటను అంతియే. దొంగ దాగిన యింటికిని దాగని యింటికిని బయటినుండి భేదము తెలియదు. జ్ఞాపకకణముల నన్నిటిని నాశనము చేసినయెడల, మనము ఎదుర్కొన్న రోగముల జ్ఞాపకమును వాటితో పోవును. కావున శరీరము పెరుకుటను మాని, ఎడతెగక కావలికాయుచున్నది.

ఇప్పుడు ఆ నాయనమ్మ సంగతి. ఆమె పాపముగాని నాగశాపముగాని ఆమెను బాధింపలేదు. చిన్ననాటి అతిథి కావలి సడలిన వేళ లేచెను, అంతే. సర్పి లేచిన మూడుదినములలోపల వైద్యుని మందు ప్రారంభించుట మేలు. కంటిదగ్గర లేచినయెడల ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు. దోషపరిహారములకై తిరుగుచు ఆ దినములను పోగొట్టుకొనుట గొప్ప నష్టము. ఆటలమ్మ ఎన్నడును రానివారును, పసిబిడ్డలును, గర్భిణులును ఆ పొక్కులను తాకకుండ జాగ్రత్తపడవలెను. ఆమె కంచమును వేరుపెట్టి, ఆమెను వసారాలో ఒంటరిగా పరుండబెట్టనక్కరలేదు. ఆమెను వెలివేయదలచినవాడు మొదట తన రక్తములో ఎందరు అతిథులున్నారో లెక్కించుకొనవలెను. ఆ విద్యార్థి ఈ పుటను తన నాయనమ్మకు చదివి వినిపించునని నమ్ముచున్నాము.