కౌంటరుకు రాని టికెట్లు: భిలాయ్ అభిమానుల అగచాట్లు

భిలాయ్: ఉక్కు కర్మాగారం అండన పుట్టి పెరిగిన ఈ పట్టణంలో ఆటలు చూడడం చాలాకాలం పాటు డబ్బుతో పెద్దగా ముడిపడని వ్యవహారం. కర్మాగారం యాజమాన్యమే మైదానాలు నిర్మించింది, శిక్షకులను నియమించింది, క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చింది. షిఫ్టు దిగిన కార్మికుడు సైకిలును గోడకు చేర్చి, సెక్టారు మైదానంలో జరిగే పోటీని కాసేపు చూసి ఇంటికి వెళ్లేవాడు. అదే కుటుంబంలోని మూడో తరం యువకుడు ఇప్పుడు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని నవ రాయపూర్ స్టేడియంలో భారత జట్టు ఆట చూడాలంటే ముందుగా టికెట్టు కోసం ఒక పోరాటం చేయవలసి వస్తున్నది. తీరా అది చేతికందేసరికి దానిపై అచ్చయిన ధరకూ, అతడు చెల్లించిన ధరకూ పొంతన ఉండడం లేదు.

బ్లాకు టికెట్ల మాట రాగానే గేటు దగ్గర తిరుగాడే కుర్రాడిని వేలెత్తి చూపడం పరిపాటి. కానీ దేశంలోనూ, విదేశాలలోనూ ఇప్పటికి బయటపడిన ఉదంతాలను పరిశీలిస్తే వ్యాపారానికి మూలం గేటు వద్ద కాక కౌంటరు వెనుకనే ఉన్నట్టు కనిపిస్తుంది. కౌంటరుకు అసలు రానే రాని టికెట్లు ఎన్ని, అవి ఎవరి చేతికి వెళుతున్నాయన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లేనంతకాలం నష్టపోయేది స్థానిక విద్యార్థి, ఆ తరువాత పొరుగూరి నుంచి వచ్చే అభిమాని.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ కర్మాగారం వెలసింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి పనివారు తరలివచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారి సంఖ్య చెప్పుకోదగినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుంచి రాయగడ మీదుగా రైలెక్కి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు తమ భాషనూ, పండుగలనూ నిలుపుకొన్నాయి. వారి పిల్లలు భిలాయ్ జట్ల తరఫున ఆడారు, భిలాయ్ జట్ల కోసమే చప్పట్లు కొట్టారు. కర్మాగారం ఉద్యోగి అయిన శిక్షకుడు రాజేశ్ పటేల్ ఇక్కడి బాలికలను తీర్చిదిద్ది ఛత్తీస్‌గఢ్ మహిళల బాస్కెట్‌బాల్‌ను జాతీయ స్థాయిలో ముందు వరుసన నిలిపారు. 2018లో ఆయన మరణించినప్పుడు పట్టణమంతా విచారించింది. ఆయన శిష్యురాండ్ర ఆటను చూడడానికి బ్లాకులో టికెట్టు కొన్నామని చెప్పేవారు భిలాయ్‌లో దొరకరు.

కళాశాలలు, విశ్వవిద్యాలయాల పోటీలకైతే మన దేశంలో సాధారణంగా టికెట్టు అన్న మాటే లేదు. అంతర విశ్వవిద్యాలయ పోటీలు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి. వీటికి ప్రేక్షకులు వస్తే అదే పదివేలు అన్నట్టుగా నిర్వాహకుల పరిస్థితి ఉంటుంది. మన విద్యార్థికి టికెట్టు బెడద ఎదురయ్యేది తన కళాశాల ఆటలో కాదు, క్రికెట్‌లో.

ఛత్తీస్‌గఢ్‌కు పెద్ద క్రికెట్ 2013లో వచ్చింది. ఢిల్లీ ఐపీఎల్ జట్టు తన సొంత మ్యాచ్‌లలో రెండింటిని ఆ ఏడాది షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో ఆడింది. తొలి అంతర్జాతీయ వన్డే కోసం మాత్రం 2023 జనవరి 21 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ రోజు న్యూజిలాండ్ 108 పరుగులకే కుప్పకూలింది. భారత్ 20.1 ఓవర్లలో ఆట ముగించింది. వంద ఓవర్ల వినోదానికి సొమ్ము చెల్లించినవారు యాభై అయిదు ఓవర్లయినా చూడకుండానే వెనుదిరిగారు. అచ్చు ధరకు కొన్నవారికి అది విజయోత్సవం. రెట్టింపు ధరకు కొన్నవారికి ఓవరు ఎంత పడిందో లెక్క వేసుకునే అవకాశం.

అదే ఏడాది డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో టీ20 జరిగింది. కరెంటు బిల్లు బకాయి రూ.3 కోట్లు దాటడంతో స్టేడియం విద్యుత్ కనెక్షన్‌ను అంతకుముందే తొలగించారనీ, ఫ్లడ్‌లైట్లు జనరేటర్ల మీద వెలగవలసిందేననీ ఆ రోజు దేశమంతటికీ తెలిసింది. టికెట్ల మీద వచ్చిన సొమ్ము ఎటు పోతున్నదని అభిమాని అడిగితే తప్పు పట్టలేము. 2025 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాతో జరిగిన వన్డేలో విరాట్ కోహ్లీ 102, రుతురాజ్ గైక్వాడ్ 105 పరుగులు చేశారు. భారత్ 358 పరుగులు సాధించినా ప్రత్యర్థి నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ ఆటకు ముందు కూడా బ్లాకు టికెట్ల గురించి ఫిర్యాదులు వినిపించాయి.

ఇక్కడ భిలాయ్ అభిమాని పరిస్థితి విచిత్రమైనది. రాష్ట్రం తనదే, స్టేడియం తన రాష్ట్రానిదే. అయినా టికెట్ల విషయంలో అతడు పొరుగూరివాడే. మన దేశంలో చాలా మ్యాచ్‌లకు ఆన్‌లైన్‌లో సొమ్ము చెల్లించినా కాగితపు టికెట్టును నిర్దేశించిన కేంద్రానికి వెళ్లి తీసుకోవాలి. గుర్తింపు కార్డు చూపిన విద్యార్థికి తక్కువ ధరకు ఒక టికెట్టు ఇచ్చే పద్ధతి రాయపూర్‌లో ఉన్నది. ఇది మెచ్చుకోదగినదే. కానీ కౌంటరు రాయపూర్‌లో ఉంటే భిలాయ్, దుర్గ్ కళాశాలల విద్యార్థి ఒక రోజు తరగతులు మాని, ప్రయాణపు ఖర్చు పెట్టుకుని, తెల్లవారకముందే వరుసలో నిలబడాలి. వరుస చివరికి చేరేసరికి కౌంటరు మూసివేస్తే ఆ రాయితీ అతడికి కాగితం మీది ముచ్చటే. మ్యాచ్ నాడు మళ్లీ ఇంకొక ప్రయాణం. రాత్రి ఆట ముగిశాక తిరిగి వచ్చే దారి సంగతి సరేసరి.

దక్షిణాఫ్రికాతో తరువాతి వన్డే మూడు రోజులకే, డిసెంబరు 6న, విశాఖపట్నంలో జరిగింది. దుర్గ్ నుంచి విశాఖకు 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు మొదలైన తరువాత భిలాయ్ తెలుగువారికి సొంత ఊరు మరింత దగ్గరయింది. రాయపూర్‌లో టికెట్టు దొరకనివారికి విశాఖలో మేనమామ ఇల్లయినా ఉంటుంది. అక్కడా టికెట్టు దొరకకపోతే మేనమామ ఇంటి టీవీ ఉండనే ఉన్నది!

టికెట్లు కౌంటరుకు ఎందుకు రావు? స్టేడియంలో ఉన్న సీట్లన్నీ అమ్మకానికి ఉన్నవని సామాన్యుడు అనుకుంటాడు. క్రికెట్ సంఘాల సభ్యులు, అనుబంధ క్లబ్బులు, ప్రాయోజకులు, వివిధ ప్రభుత్వ శాఖలు, ప్రముఖులు, ఇలా అనేక కోటాలు ముందుగానే పోతాయి. మిగిలినదే ప్రజలకు. ఆ మిగిలినది ఎంతో మ్యాచ్‌కు ముందు లెక్క ప్రకటించే ఆనవాయితీ మన దేశంలో లేదు. ఉచిత పాసుకు పెట్టుబడి సున్న గనుక, అది చేతులు మారితే వచ్చేదంతా లాభమే. ఇంతటి లాభం ఏ వ్యాపారంలోనూ లేదు.

హైదరాబాద్ ఉదంతం తెలుగు పాఠకులకు తెలిసినదే. ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం 2022 సెప్టెంబరు 22న జింఖానా మైదానం వద్ద వేలాది మంది గుమిగూడగా తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. ఎన్ని టికెట్లు అమ్మకానికి ఉన్నాయో వరుసలో నిలబడినవారికి తెలియదు. 2025 ఐపీఎల్ సమయంలో ఉచిత పాసుల కోసం ఒత్తిడి తెస్తున్నారంటూ సన్‌రైజర్స్ యాజమాన్యం హైదరాబాద్ క్రికెట్ సంఘంపై ఆరోపణ చేయగా, తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. కోల్‌కతాలో 2023 ప్రపంచ కప్ మ్యాచ్ సందర్భంగా టికెట్ల బ్లాకుపై పోలీసులు నిర్వాహకులకే నోటీసులు పంపారు. రెండు నగరాలలో మూడు రకాల గొడవ. అయితే వేలు చూపిన దిక్కు ఒక్కటే.

భిలాయ్ నుంచీ, ఆంధ్ర, తెలంగాణల నుంచీ పై చదువులకు అమెరికా వెళ్లిన విద్యార్థులు అక్కడ ఇందుకు భిన్నమైన దృశ్యం చూస్తున్నారు. మన దేశంలో ఉచితంగా చూడమన్నా చూసేవారు లేని కళాశాల ఆటలకు అక్కడ లక్ష మంది వస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 సీట్లున్నాయి. ఆ ఆట పేరు ఫుట్‌బాల్ అయినా మనం కాలితో తన్నే బంతాట కాదు. విద్యార్థులకు టికెట్టు చౌక. వచ్చే జట్టు అభిమానులకు కొంత కోటా. మిగిలినవి పూర్వ విద్యార్థులకూ, సీజను టికెట్ల దారులకూ వెళతాయి. పొరుగు రాష్ట్రం నుంచి వందల మైళ్లు కారు నడుపుకుని వచ్చే అభిమానికి ఆ కోటాలో చోటు దొరకకపోతే తిరుగు అమ్మకాల సంస్థలే దిక్కు. 2000లో పుట్టిన స్టబ్‌హబ్ వంటి సంస్థల ద్వారా అక్కడ ఇది బహిరంగ వ్యాపారంగా సాగుతున్నది. మనం బ్లాకు అని గుసగుసలాడేదానికి వారు కమీషన్ పెట్టి రసీదు ఇస్తారు.

ఇందులోని ఫలితం 2017 సెప్టెంబరులో ఇండియానా రాష్ట్రంలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం కళ్లారా చూసింది. జార్జియా జట్టు ఆడడానికి రాగా దాని అభిమానులు కోటాను మించి వేలాదిగా టికెట్లు కొనుక్కుని స్టేడియాన్ని ఎర్ర రంగుతో నింపివేశారు. సొంత మైదానంలోనే అతిథుల కేకలు వినవలసి వచ్చిన ఆతిథ్య జట్టు 20-19 తేడాతో ఓడిపోయింది. టికెట్లు బయటివారికి అమ్ముకున్నది ఎవరో కాదు, ఆ ఊరి సీజను టికెట్ల దారులే! వారిది నేరం కాదు. మంచి ధర వచ్చింది, అమ్ముకున్నారు. విద్యార్థులు తమ చౌక టికెట్లు ఇలా అమ్ముకోకుండా కొన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థి కానివారు ఆ టికెట్టుతో లోపలికి రావాలంటే అదనపు రుసుం చెల్లించాలని నిబంధన పెట్టాయి. రాయితీని ఆట చూసేవాడికి ఇచ్చారే గాని, చేతులు మార్చేవాడికి కాదన్నది దీని ఉద్దేశం. రాయపూర్ నిర్వాహకులు పరిశీలించదగిన పద్ధతి ఇది.

అయితే బహిరంగ బజారు ఉన్నంత మాత్రాన దొంగతనం ఆగుతుందనుకుంటే పొరపాటు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జరిగినది ఇందుకు తిరుగులేని సాక్ష్యం. బాస్కెట్‌బాల్‌కు పేరుపొందిన ఆ విశ్వవిద్యాలయంలో సీటు దొరకడం గగనం. 2005 నుంచి 2010 వరకు దాదాపు 20 వేల టికెట్లను క్రీడా విభాగం ఉద్యోగులే దారి మళ్లించి దళారులకు చేరవేసినట్టు 2010లో అంతర్గత విచారణ తేల్చింది. అచ్చు ధర ప్రకారమే వాటి విలువ పది లక్షల డాలర్ల స్థాయిలో ఉన్నట్టు అంచనా. టికెట్ల కార్యాలయం బాధ్యులు, నిధుల సేకరణ విభాగం బాధ్యులు ఇందులో ఉన్నారు. 2011లో కోర్టు పలువురికి జైలు శిక్షలు విధించింది. అయిదేళ్లపాటు గేటు దగ్గర ఎంతమంది దళారులను పట్టుకున్నా ఈ వ్యవహారం ఆగి ఉండేది కాదు.

అక్కడ ధరల భారం ఇంకా పెరుగుతున్నది. క్రీడాకారులకు విశ్వవిద్యాలయాలు నేరుగా సొమ్ము చెల్లించేందుకు 2025 జూన్‌లో కోర్టు ఒప్పందం ఆమోదం పొందింది. అంతకుముందే టెన్నెసీ విశ్వవిద్యాలయం 2025 సీజను ఫుట్‌బాల్ టికెట్లపై పది శాతం ప్రతిభా రుసుం ప్రకటించింది. ఆడే కుర్రాడికి న్యాయం జరగడం మంచిదే. దాని బిల్లు చూసే కుర్రాడికి వచ్చింది.

మన దేశంలో చట్టం మాట. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షనులో, చిన్న తరహా వ్యవస్థీకృత నేరాల కింద, టికెట్ల అనధికార విక్రయాన్ని కూడా చేర్చారు. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు. అయితే ముఠాలో లేదా బృందంలో సభ్యుడైనవాడు చేసిన పనికే ఇది వర్తిస్తుంది. పాసు అమ్ముకున్న పెద్దమనిషి ఏ ముఠా సభ్యుడో తేల్చడం పోలీసులకు అంత తేలిక కాదు. 2024లో కోల్డ్‌ప్లే సంగీత కచేరీ టికెట్ల గొడవ తరువాత ఆన్‌లైన్ టికెట్ల బ్లాకుపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో కొట్టివేసింది. ఇటువంటి నియమాలు రూపొందించడం చట్టసభల పని అన్నది.

రైల్వే టికెట్ల విషయంలో మనకు ఈ సంకోచం లేదు. 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షను ప్రకారం అనధికారికంగా టికెట్లు సేకరించి సరఫరా చేసేవాడికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. రిజర్వేషను టికెట్టు మీద ప్రయాణికుడి పేరు ఉంటుంది, తనిఖీలో గుర్తింపు కార్డు చూపాలి. దేశానికి రైలు పట్టాలు పోసే పట్టణంలో ఈ సంగతి పిల్లవాడికి కూడా తెలుసు. క్రికెట్ టికెట్టు మీద పేరెందుకు ఉండదని భిలాయ్ అభిమాని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ప్రభుత్వానికీ ఇందులో నష్టం ఉన్నది. గుర్తింపు పొందిన క్రీడాపోటీలలో రూ.500 దాటిన టికెట్టుపై 18 శాతం జీఎస్టీ ఉన్నది. ఐపీఎల్ టికెట్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్టు బ్లాకులో మూడు వేలకు పోయినా పన్ను పడేది వెయ్యి మీదనే. మిగతా రెండు వేలకు లెక్కాపత్రం లేదు. ఉచిత పాసు అమ్ముడైతే ఆ వెయ్యి మీద పన్నూ లేదు.

రాయపూర్‌లో రాబోయే ఏ అంతర్జాతీయ మ్యాచ్‌కైనా చేయదగిన పనులు రెండున్నాయి. మొత్తం సీట్లు ఎన్ని, అందులో పాసులకూ, కోటాలకూ పోయినవి ఎన్ని, కౌంటరుకు వచ్చినవి ఎన్ని అన్న లెక్కను అమ్మకాలకు ముందే పత్రికలలో ప్రకటించడం ఒకటి. విద్యార్థి టికెట్లలో కొన్నింటిని భిలాయ్, దుర్గ్, బిలాస్‌పూర్ కళాశాలలలోనే గుర్తింపు కార్డు చూసి ఇవ్వడం రెండోది. రెండో పనికి ఒక బల్ల, ఇద్దరు గుమాస్తాలు చాలు. మొదటిదానికి ఖర్చు ఏమీ లేదు. కష్టమంతా దానిలోనే ఉన్నది.