గడువు తీరిన లైసెన్సు – నిలిచిన అర్హత : హ్యామ్ రేడియో పరీక్షలలో పాత పత్రం విలువ

వ్యాససంగ్రహం: అమెచ్యూర్ రేడియో (హ్యామ్ రేడియో) లైసెన్సు గడువు తీరినప్పుడు, దానికోసం పూర్వం ఉత్తీర్ణులైన పరీక్షలకు విలువ ఉంటుందా? ఈ ప్రశ్నకు అమెరికా 2014లో ఇచ్చిన సమాధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ సమాధానానికి మూలమైన అర్హత, అనుమతి అనే భావాల భేదాన్ని భారతీయ విధానంతో పోల్చి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హ్యామ్ రేడియో, లైసెన్సు, అర్హత, అనుమతి, పరీక్షా క్రెడిట్.

1. ప్రస్తావన

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ధ్రువపత్రానికి ఒకప్పుడు ఏడేళ్ల గడువు ఉండేది. 2021 జూన్‌లో దానిని జీవితకాలానికి పొడిగించి, 2011 నుండి వర్తింపజేశారు. ఒకసారి రుజువైన అర్హతకు కాలపరిమితి ఉండవచ్చునా అన్నదే అక్కడ తలెత్తిన ప్రశ్న. హ్యామ్ రేడియో రంగంలోనూ అదే ప్రశ్న వచ్చింది గాని, దానికి లభించిన సమాధానం ఇంత సూటిగా లేదు.

2. అమెరికా నిబంధన

అమెరికాలో ఈ లైసెన్సులను ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) ఇస్తుంది. నేడు అమలులో ఉన్న రాతపరీక్షలు మూడు. టెక్నీషియన్ తరగతికి ఎలిమెంట్-2, దానిపైన జనరల్ తరగతికి ఎలిమెంట్-3, ఆపైన ఎక్స్‌ట్రా తరగతికి ఎలిమెంట్-4. లైసెన్సు కాలం పదేళ్లు. గడువు తీరాక రెండేళ్లలోపు పరీక్ష లేకుండానే పునరుద్ధరించుకోవచ్చు. ఆ రెండేళ్లూ దాటితే మొత్తం పరీక్షలు మళ్లీ రాయవలసి వచ్చేది.

2014 జులైలో అమలులోకి వచ్చిన సవరణ ఈ స్థితిని మార్చింది. గడువు తీరిన జనరల్, అడ్వాన్స్‌డ్ లైసెన్సులకు ఎలిమెంట్-3 క్రెడిట్, ఎక్స్‌ట్రా లైసెన్సుకు ఎలిమెంట్-3, 4 రెండింటి క్రెడిట్ లభిస్తాయి. ఎలిమెంట్-2 మాత్రం అందరూ మళ్లీ రాయవలసిందే. అంటే పై మెట్టుకు గుర్తింపు ఉంది, కింది మెట్టుకు లేదు. పైకి ఇది విడ్డూరంగా తోస్తుంది. అయితే అభ్యర్థికి ప్రాథమిక సాంకేతిక విషయాలు, నియమాలు ఈనాటికీ గుర్తున్నాయో లేదో తేల్చడానికి ఈ ఒక్క పరీక్ష చాలునన్నది దీని వెనుక ఉన్న తర్కం.

1987 మార్చి 21కి ముందు టెక్నీషియన్ లైసెన్సు పొందినవారి విషయం మరింత ఆసక్తికరమైనది. ఆనాడు టెక్నీషియన్, జనరల్ తరగతులకు రాతపరీక్ష ఒక్కటే. తేడా అంతా మోర్స్ వేగంలోనే ఉండేది. ఆ తేదీన రాతపరీక్షను రెండుగా విడగొట్టారు. కనుక అంతకు ముందటి టెక్నీషియన్లు నేటి జనరల్ తరగతి రాతపరీక్షకు సమానమైన దానిలో ఉత్తీర్ణులైనట్లే. వారి పాత పత్రానికి ఎలిమెంట్-3 క్రెడిట్ దక్కడానికి కారణమిదే. మోర్స్ పరీక్షను 2007 ఫిబ్రవరిలో పూర్తిగా తొలగించారు.

3. యాకుత్‌పురా నుండి ఒక ఊహాత్మక ఉదాహరణ

యాకుత్‌పురాకు చెందిన ఒక ఇంజనీరు 1994లో అమెరికాలో ఉద్యోగం చేస్తూ, నిమిషానికి 13 పదాల వేగంతో మోర్స్ పరీక్ష నెగ్గి, జనరల్ లైసెన్సు పొందాడనుకుందాం. అందుకు అమెరికా పౌరసత్వం అక్కరలేదు. కొన్నేళ్లకు ఆయన స్వస్థలానికి తిరిగివచ్చాడు. 2004లో గడువు, 2006లో అదనపు గడువు రెండూ తీరిపోయాయి. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు అక్కడి కూతురి ఇంట గడుపుతున్న ఆయనకు మళ్లీ రేడియో ముందు కూర్చోవాలనిపించింది.

2014కు ముందైతే ఆయన రెండు పరీక్షలు రాయాలి. ఇప్పుడు ఎలిమెంట్-2లోని 35 ప్రశ్నలలో 26కు సరైన సమాధానాలు రాస్తే నేరుగా జనరల్ తరగతి లభిస్తుంది. రుజువుగా పాత లైసెన్సు ప్రతినో, ఎఫ్‌సీసీ రికార్డునో చూపాలి. పాత కాల్‌సైన్ మాత్రం దానంతట అది తిరిగిరాదు. ఈలోగా మరొకరికి దక్కి ఉండవచ్చు కూడా. దరఖాస్తులో అమెరికా చిరునామా తప్పనిసరి. కనుక యాకుత్‌పురా ఇంటినంబరు అక్కడ పనికిరాదు, కూతురి చిరునామా రాయాలి.

4. అర్హత, అనుమతి

అమెరికాలో ఆపరేటర్ అర్హతకూ, స్టేషన్ నిర్వహణ అనుమతికీ కలిపి ఒకే పత్రం ఉంటుంది. గడువు తీరితే రెండూ ఒకేసారి పోయేవి. 2014 సవరణ వాటిని కొంతవరకైనా విడదీసింది. భారతదేశంలో ఈ విభజన ముందే ఉంది. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నియమాల ప్రకారం పరీక్షలో నెగ్గినవారు ఆపరేటర్ ధ్రువపత్రం పొందుతారు. ఆపైన స్టేషన్ లైసెన్సుకు వేరుగా దరఖాస్తు చేయాలి. ఆ లైసెన్సును ఇరవై ఏళ్లకు గాని, జీవితకాలానికి గాని తీసుకోవచ్చు. పై ఉదాహరణలోని ఇంజనీరు తన యాకుత్‌పురా డాబా మీద ఏరియల్ కట్టి ప్రసారం చేయాలంటే ఈ భారతీయ అనుమతే కావాలి. 2014 సవరణ ఆయనకు ఇక్కడ అక్కరకు రాదు.

తెలుగులో ‘లైసెన్సు రద్దయింది’ అన్న మాటను రెండు సందర్భాలలోనూ వాడుతున్నారు. రద్దు చేయడం అధికారి చర్య. గడువు తీరడం కేవలం కాలం వల్ల జరిగేది, అందులో లైసెన్సుదారు తప్పిదమేమీ ఉండనక్కరలేదు. ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పడం వల్ల పాత పత్రానికి ఇక ఏ విలువా లేదన్న భావం స్థిరపడుతున్నది.

అనుభవజ్ఞులైన ఆపరేటర్లు తిరిగి ఈ రంగంలోకి రావడం వారి వ్యక్తిగత సరదాకు మాత్రమే సంబంధించినది కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చిపడినప్పుడు వారి రేడియో పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రధాన భూభాగానికి వార్తలను చేరవేసింది.