పాపాయికి ఏం కొంటున్నారు?

పాపాయి పుట్టిందనగానే బజారుకు పరుగెత్తుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మెత్తటి పాత నూలు చీర ఉతికి ఎండలో ఆరేస్తే పొత్తిగుడ్డలు బోలెడు వస్తాయి. థర్మామీటరు, దోమతెర మాత్రం తప్పక కొనండి.

పౌడరు వద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలసీసా జోలికీ పోకండి. మన దేశంలో 1992 నాటి చట్టం దాని ప్రకటనలనే నిషేధించింది. తల్లిపాలు పిండి పట్టాల్సి వస్తే, నీళ్లలో మరిగించిన ఉగ్గుగిన్నె, చెంచా చాలు.

ఇక వాకరంటారా? అది నడక నేర్పదు సరికదా, ఆలస్యం చేయొచ్చు. వాకరుతో సహా మెట్ల మీంచి దొర్లి పిల్లల తలలకు దెబ్బలు తగులుతున్నాయనే కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆ డబ్బుతో ఓ మంచి చాప కొనండి. దానిమీద పాకనీ, పడనీ, లేవనీ. నడక దానంతటదే వస్తుంది!