లోయలోని చదును రోడ్డును నమ్మకండి

పోయిన సెప్టెంబరులో దక్షిణ ఇటలీలోని బజెంతో నది లోయలో, నాలుగు వరుసల పెద్ద రోడ్డు పక్కన పెట్రోలు బంకు దగ్గర ఇద్దరు తెలుగు కుర్రాళ్లు కనిపించారు. ఉత్తర ఇటలీలో ఎమ్మెస్ చదువుతున్నారట. సెలవులకు సైకిళ్లు అద్దెకు తీసుకుని పొతెంజా నుంచి మతేరాకు బయల్దేరారు. ఒకబ్బాయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో నీళ్ల సీసా వణుకుతోంది. సొరంగంలో వెనకనుంచి వచ్చిన లారీ మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోయింది. ఆ గాలికి సైకిలు గోడవైపు ఒరిగి, హ్యాండిల్ చివరి రబ్బరు గ్రిప్పు సగానికి చీరుకుపోయింది. రెండో అబ్బాయి అన్నాడు: "కొండ రోడ్లు మా వల్ల కాదన్నారన్నా. లోయ రోడ్డయితే చదునుగా ఉంటుందని సైకిలిచ్చినాయనే చెప్పాడు."

నేను బారి నగరంలో ఉంటాను. పదేళ్లుగా పుల్యా, బజిలికాతా ప్రాంతాల రోడ్ల మీద తొక్కుతున్నాను. ఈ మాట వినని ఏడాది లేదు. "దక్షిణ ఇటలీ కొండలు ఎక్కాలంటే రేసర్ల కాళ్లు ఉండాలి. మామూలువాళ్లకు లోయ రోడ్డే దిక్కు." చెప్పేవాళ్లలో చాలామంది ఆ కొండలను కారు కిటికీలోంచి తప్ప చూసినవాళ్లు కారు. విన్నవాళ్లు మాత్రం లారీల మధ్య పడుతున్నారు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ముందు ఊళ్ల సంగతి. బజిలికాతాలో పాత ఊళ్లు చాలావరకు శిఖరాల మీదే ఉంటాయి. పియెత్రపెర్తోజా అయితే 1,088 మీటర్ల ఎత్తున, రాతి కొమ్ములకు అతుక్కుని ఉంటుంది. అలా కట్టుకోవడానికి బలమైన కారణాలున్నాయి. ఒకటి, సముద్రం మీదినుంచి వచ్చే దాడులు. రెండోది మలేరియా. అప్పట్లో నదీ లోయల్లో రాత్రి పడుకుంటే జ్వరం ఖాయం. రైతులు తెల్లవారకముందే గాడిదలతో కిందికి దిగి, పొలం పని చేసుకుని, మళ్లీ పైకెక్కేవారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ చల్లాకే ఆ పీడ తగ్గింది. మలేరియా లేని దేశంగా ఇటలీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది 1970లో. ఊళ్లు అలా పైనే నిలిచాయి కాబట్టి ఈ రోజుకీ లోయలో ఏముంటుంది? రైల్వే స్టేషన్లు, ఫ్యాక్టరీలు, గోదాములు. నీళ్ల కుళాయి, రొట్టెల కొట్టు, రాత్రికి మంచం అన్నీ పైనే. లోయ పట్టుకుని పోయేవాడు మనుషుల్ని చూడకుండానే సముద్రం చేరతాడు.

ఇక ఎక్కడం గురించి. ఈ ఊళ్లకు వెళ్లే పాత జిల్లా రోడ్లు మన ఘాట్ రోడ్ల లాగే మెలికలు తిరుగుతూ పోతాయి. బండ్లు, తర్వాత బస్సులు ఎక్కాలి కాబట్టి వాలు చాలావరకు 5 నుంచి 8 శాతం మధ్యే ఉంచారు. లెక్క చూద్దాం. మనిషి, సైకిలు, సంచులు కలిపి 95 కిలోలు అనుకోండి. 6 శాతం వాలు మీద గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి 90 వాట్ల చిల్లర చాలు. వారానికి రెండు మూడు రోజులు సైకిలు తొక్కే ఆరోగ్యవంతులు ఎవరైనా గంటసేపు పెట్టగల శక్తే అది. లోయ నుంచి 400 మీటర్ల ఎత్తున్న ఊరికి అలా గంటా ఇరవై నిమిషాల్లో చేరతారు. నడకకన్నా కొంచెం ఎక్కువ వేగం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మరి జనం ఎందుకు చతికిలపడుతున్నారు? గేర్ల వల్ల. "తేలిక సైకిలు తీసుకో, కొండ సులువవుతుంది" అని అద్దె దుకాణంలో రేసు సైకిలు అంటగడతారు. దాని చిన్న చైన్‌వీల్‌కు 34 పళ్లు, వెనక పెద్ద ఫ్రీవీల్‌కు 28 పళ్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండున్నర మీటర్లకు పైగా కదలాలి. 5 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 32 చుట్లే తిరుగుతాయి. ప్రతి చుట్టూ మోకాలి మీద దెబ్బే. అదే ముందు 24, వెనక 36 పళ్లున్న టూరింగ్ సైకిలు మీద అదే వేగానికి 58 చుట్లు, కాలికి హాయిగా ఉండే లయ. సైకిలు మూడు కిలోలు బరువెక్కువైనా ఆ తేడా 95 కిలోలలో కలిసిపోతుంది. గేరు తేడా మాత్రం మోకాలికి వెంటనే తెలుస్తుంది. ఆ కుర్రాళ్ల సైకిళ్లు చూశాను. రెండూ రేసువే. వాళ్ల కాళ్లలో లోపమేమీ లేదు.

ఇప్పుడు ఆ "సుఖమైన" లోయ రోడ్డు. ఇటలీ చట్టం ప్రకారం ఆటోస్ట్రాడాలనే ఎక్స్‌ప్రెస్‌వేల మీదా, వాటి తర్వాతి తరగతి పెద్ద రోడ్ల మీదా సైకిలుకు ప్రవేశం లేదు. ఎక్కే దారి మొదట్లో ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డులో సైకిలు బొమ్మ కనిపిస్తే అక్కడే వెనక్కి తిరగండి. ఫోన్‌లోని మ్యాపు ఒక్కోసారి దాన్ని పట్టించుకోదు. సైకిలును దాటేటప్పుడు, రోడ్డు వీలిచ్చిన చోట, మీటరున్నర దూరం వదలాలని 2024 డిసెంబరులో కొత్త నియమం వచ్చింది, మంచిదే. కానీ సొరంగంలో లారీకి ఆ వీలు ఉండదు. సైకిలు వెళ్లనిచ్చే సొరంగమైనా సరే, వెలుగుకు మెరిసే చొక్కా తొడగడం, లైట్లు వేయడం తప్పనిసరి. ఊళ్ల బయట సూర్యాస్తమయం దాటిన అరగంట నుంచీ అదే నియమం. బ్యాగులో అడుగున పెట్టుకుని తిరిగే చొక్కా ఎవరినీ కాపాడదు.

పైగా దక్షిణమంతా కొండలే అనుకోవడం కూడా తప్పే. పుల్యాలోని ఇత్రియా లోయ పేరుకే లోయ. నిజానికి అది 400 మీటర్ల ఎత్తున పరుచుకున్న సున్నపురాతి పీఠభూమి. శంకువు కప్పుల త్రుల్లీ ఇళ్లతో 1996లో యునెస్కో జాబితాకెక్కిన అల్బెరొబెల్లో, పక్కనే లొకొరొతొందో, చిస్తెర్నీనో అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. రాతి గోడల మధ్య, ఆలివ్ తోటల పక్కన రోజంతా తొక్కినా పెద్ద ఎక్కుడు తగలదు. మతేరా గుహల ఊరికి లోయలోంచి పైకెక్కడం కష్టమే. కానీ ఉత్తరాన అల్తమూరా నుంచి వస్తే మీరు అప్పటికే పైన ఉంటారు, ఇరవై కిలోమీటర్లు అలలు అలలుగా పోతే చాలు. కొండలే కావాలంటే కలాబ్రియా ప్రాంతంలో పొల్లీనో కొండల నుంచి అస్ప్రొమోంతే కొండల దాకా నాలుగు పార్కుల గుండా 545 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. ఒక కొండ మరీ భయపెడితే, సైకిలు గుర్తున్న ప్రాంతీయ రైలెక్కండి, అవసరమైన చోట సైకిలుకూ టికెట్ తీసుకోండి.

మిగతా అపోహల గురించి ఒక్కో మాటలో చెబుతాను. మాఫియా సైకిలు యాత్రికుల జోలికి రాదు. ఊరి అరుగు మీది ముసలాయన మాత్రం ఎక్కడి నుంచి వచ్చావని తప్పకుండా అడుగుతాడు. బ్యాటరీ సైకిలు మోసం కాదు, మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు ఆ దారిని తెరిచిన సాధనం. శాకాహారులు పస్తులుండాలన్నదీ అబద్ధమే. ఎండు బాకలా చిక్కుడు గింజల ముద్దలో చేదు ఆకుకూర కలిపి పెడతారు, పప్పూ ఆకుకూరా తిన్నట్టే ఉంటుంది. సెనీసె ఊరి ఎండుమిరపకాయలను నూనెలో వేయించితే మన ఊరమిరపకాయల్లాగే కరకరలాడతాయి, కారం మాత్రం ఉండదు. ఆకుకూర పాస్తాలో మాత్రం చిన్న చేపముక్కలు కలుపుతారు, ముందే అడగండి.

ఎండ విషయంలో మనవాళ్ల ధీమా ఎక్కువ. "రెంటచింతల ఎండలో పెరిగాం, ఇదెంత?" అంటారు. 2021 ఆగస్టు 11న సిసిలీలోని ఫ్లొరీదియాలో 48.8 డిగ్రీలు నమోదైంది, ఐరోపా ఖండంలో అదే రికార్డు. రెంటచింతలలోనైనా మిట్టమధ్యాహ్నం ఇరవై కిలోల సామానుతో గుట్ట ఎక్కం కదా. ఇక్కడివాళ్లు మధ్యాహ్నపు వేళను కొంత్రోరా అంటారు. ఒంటిగంట నుంచి నాలుగైదు దాకా దుకాణాలు మూసి, కిటికీలు వేసుకుంటారు. వాళ్లు బద్ధకస్తులని నవ్వేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ అలవాటు ప్రాణాలు కాపాడుతుంది. ఆరింటికి బయల్దేరి పన్నెండుకల్లా పైన ఊరు చేరండి. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలైతే మేలు.

"అక్కడి రోడ్లు అధ్వానం" అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా, బజిలికాతాలో నేల బంకమన్ను, జారే మన్ను. క్రాకో అనే ఊరిని కొండచరియల వల్లే 1963 నుంచి ఖాళీ చేయించారు. నిన్నటిదాకా ఉన్న జిల్లా రోడ్డు ఈ రోజు సగం కిందికి జారి, అడ్డంగా సిమెంటు దిమ్మెలు పెట్టి ఉండొచ్చు. గుంతలూ ఎక్కువే. అందుకని సన్న టైర్లు వద్దు, 38 మిల్లీమీటర్లకు తగ్గకండి. ముందు రాత్రి బస చేసిన ఇంటి యజమానిని "పైకి వెళ్లే రోడ్డు తెరిచే ఉందా?" అని అడగండి. గొర్రెల మందలను కాసే తెల్ల కుక్కలు ఎదురైతే వేగంగా పారిపోవద్దు. దిగి, సైకిలును మీకూ వాటికీ మధ్య ఉంచుకుని నడవండి.

ఆ రోజు కుర్రాళ్లను బంకు వెనకనుంచి పోయే పాత రోడ్డెక్కించాను. సాయంత్రం మొదటి కొండ ఊరి నుంచి ఫోన్ చేశారు. రెండుసార్లు దిగి నడిపించారట. కుళాయి దగ్గర కూర్చున్నారట, పక్కనే ఎవరో అత్తిపండ్లు పెట్టి వెళ్లారట. మర్నాటి దిగుడు గురించి అడిగితే ఒకటే చెప్పాను. పొద్దున్నే బ్రేకు రబ్బర్లు చూసుకోండి. దిగేటప్పుడు బ్రేకు ఒకేపనిగా నొక్కి ఉంచకుండా మెలికకు ముందు గట్టిగా నొక్కి, మెలికలో వదలండి. పాత వీధుల్లో పరిచిన నున్నటి రాతి పలకల మీద వాన పడి ఉంటే సైకిలు దిగి, పట్టుకుని నడవండి.